పుట్ట నేర్పిన గోడ

పెట్టెల్లో పెంచే మన దేశవాళీ ఈగ పేరు పుట్టతేనెటీగ. పేరులోనే దాని ఇంటి అడ్రసు ఉంది. చెదలు వదిలేసిన పుట్టో, ముసలి చెట్టు తొర్రో వెతుక్కుని, దళసరి గోడ చాటున తెట్టెలు కట్టుకుంటుంది. 1910 దశకంలో తిరుచ్చిలో ఫాదర్ న్యూటన్ ఈ చిన్న ఈగకు తగినట్టు చిన్న పెట్టె తయారుచేశాడు. దక్షిణాదిలో అది బాగా వాడుకలోకి వచ్చింది. చట్రాల కొలత కుదిరింది గానీ గోడ మందం కుదరలేదు. పుట్టలో ఉండాల్సినదాన్ని పలుచటి చెక్కలో పెట్టి వరంగల్ మే ఎండలో నిలబెడతాం.

బయట 44 డిగ్రీలున్నా, పిల్లలున్న తెట్టె దగ్గర 35 దాటకూడదు. మైనం కరగడానికి 62 డిగ్రీలు కావాలి గానీ, 40 దాటితేనే మెత్తబడి తేనె బరువుకు తెట్టె జారుతుంది. అందుకే ఈగలు నీళ్లు తెచ్చి గదుల అంచులకు పూస్తాయి, వాకిట్లో బారులు తీరి రెక్కలతో విసురుతాయి. గోడ ఎంత పలచనైతే, తేనెకు పోవాల్సిన ఈగలు అంత ఎక్కువగా నీళ్లకు పోతాయి.

పెంపకందారు పనితనమంతా ఈ లోటు పూడ్చడంలోనే ఉంది. మామిడితోటలో, మంచి చేయి పడ్డ పెట్టెను దగ్గరగా చూడండి. ఎండ నెత్తిన కొడుతుంది కాబట్టి పని మూత దగ్గరే మొదలవుతుంది. మూత మీద బెత్తెడు మందం వరిగడ్డి, దాని మీద వాన జారేలా వాలుగా తాటాకు, రెంటికీ నడుమ వేలు దూరే సందు. గడ్డిపుల్ల విరిచి చూస్తే లోపల బోలు. ఆ బోలులో, ఆ సందులో కదలక నిలిచిన గాలే వేడిని ఆపుతుంది. రామప్ప గుడి శిఖరపు ఇటుక నీళ్లలో తేలేదీ లోపలి గాలిగదుల వల్లే. 1213 నాటి ఆ పనివాళ్లకు కావలసింది బరువు తగ్గడం, మనకు కావలసింది చల్లదనం.

థర్మోకోల్ వేడిని చెక్క కన్నా మూడు రెట్లు మించి ఆపుతుంది. కానీ దాంట్లో చీమలు కాపురం పెడతాయి, మైనపు పురుగు తొలుస్తుంది, ఈగలే కొరికి పొడి చేస్తాయి. రెండు చెక్కల నడుమ దాచిపెడితేనే మన్నుతుంది. గోనెపట్ట తడిపితేనే పనికొస్తుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైపోతూ 580 కేలరీల దాకా వేడిని వెంట తీసుకుపోతుంది. పొడి ఎండలో అది వరం, ముసురులో బూజు. అందుకే తెలిసినవాళ్లు తొలకరికే తీసేస్తారు. ఎన్ని కప్పినా వాకిలి మాత్రం మూయరు. ఈగలు విసిరిన గాలి పోవడానికి దారి కావాలి కదా.

కప్పు కుదిరిందో లేదో మిట్టమధ్యాహ్నం ఆ వాకిట్లోనే తెలుస్తుంది. గుత్తిగా బయట వేలాడే ఈగలు లోపలికి పోయి, విసిరేవాటి బారు కురచైందంటే, మన గోడ చెదల గోడకు కాస్త దగ్గరపడ్డట్టే.