తరంగాన్ని పసిగట్టే చేయి

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీది నందిగామలోనైనా, సిమెంటు పరిశ్రమకు పేరుపడిన జగ్గయ్యపేటలోనైనా, వైర్‌లెస్ పరికరాలు అమర్చేవారికి చేతిలో ఇమిడే ఆర్ఎఫ్ డిటెక్టర్, అంటే రేడియో తరంగాల బలాన్ని కొలిచే పరికరం, ఎంత ముఖ్యమో దాన్ని ఎప్పుడు పూర్తిగా నమ్మకూడదో తెలియడమూ అంతే ముఖ్యం. బలాన్ని చూపే డీబీఎం అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సంకేతం బలపడినట్టు. మైనస్ 50 బాగున్నట్టు, మైనస్ 80 నీరసించినట్టు లెక్క, మూడు డీబీలు తగ్గితే శక్తి సగమైనట్టే. ఆకులోని తడి తరంగాన్ని పీల్చుకుంటుంది గనుక, వేసవిలో మోడైన చెట్టు మీదుగా కుదిరిన లింకు వానాకాలంలో తెగిపోవచ్చునని ముందే ఊహించి, డాబా మీద యాంటెన్నాను వెంట్రుకవాసి తిప్పుతూ, అంకె నిలకడపడ్డాకే నట్టు బిగించే ఓపిక ఎంతైనా మెచ్చదగినది.

రహస్య కెమెరాల కోసం లాడ్జి గదినో, బట్టల దుకాణంలో ట్రయల్ రూమునో సోదా చేయడం మరింత బాధ్యతగల పని. ముందుగా సెల్‌ఫోన్లు, వైఫై రూటరు ఆపి, స్విచ్‌బోర్డు, అద్దం అంచు, గడియారం దగ్గర డిటెక్టర్‌ను నెమ్మదిగా జరపాలి. అయితే తరంగాలు వదలకుండా దృశ్యాన్ని మెమరీ కార్డులోనే దాచే కెమెరా దీనికి చిక్కదు గనుక, దీపాలార్పి టార్చి వెలుగులో లెన్సు మెరుపును కూడా వెతికాకే శ్రద్ధగల పనివాడు తన సోదా ముగిసిందంటాడు.