పెట్టె మీది అంకె, తెర మీది బొమ్మ

షోరూంలో రెండు టీవీలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండూ 55 అంగుళాలవే, రెండూ 4కె. బయటి పరికరాలు తగిలించే పోర్టు గురించి ఒకదాని వివరాల కాగితం మీద హెచ్‌డీఎంఐ 2.0 అని, రెండోదాని మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉంటుంది. రెండోదాని ధర ఎక్కువ. ‘కొత్తది తీసుకోండి సార్, పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు’ అంటాడు అమ్మే కుర్రాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కాబట్టి, మిగిలిన ఆ కాస్త డబ్బు ఈ అంకె మీద పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టొచ్చా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. బయటి పరికరమేదీ తగిలించని ఇంట్లో ఈ అంకెకు విలువ లేదు. కొత్త తరం గేమింగ్ కన్సోల్ ఉన్న ఇంట్లో ఉంది. అయితే అక్కడ కూడా అంకెను నమ్మి కొంటే మోసపోయే వీలుంది.

మొదట రెండింటి బలం ఎంతో చూద్దాం. 2013లో వచ్చిన 2.0 సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది. 2017 నవంబరులో విడుదలైన 2.1 గరిష్ఠంగా 48 మోస్తుంది. 4కె తెర మీద 82,94,400 చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు 30 బిట్ల రంగు, సెకనుకు 60 ఫ్రేములు అనుకుంటే దాదాపు 15 గిగాబిట్లవుతుంది. 2.0 మోసే 18లో ఐదో వంతు సంకేతాన్ని కూర్చే పద్ధతికే ఖర్చయి 14.4 మిగులుతుంది. అంటే పాత పోర్టుకు ఈ బరువు అంచుల దాకా వచ్చి కాస్త పొర్లుతుంది. అప్పుడది పక్కపక్క చుక్కలకు ఒకే రంగు సమాచారాన్ని పంచి సర్దుకుంటుంది. సినిమాలో ఈ సర్దుబాటు కంటికి ఆనదు, ఎందుకంటే ఓటీటీలోనూ బ్లూరే డిస్కులోనూ బొమ్మను మొదటే అలా పంచి దాచిపెడతారు. టీవీకి కంప్యూటర్ తగిలించి చిన్న అక్షరాలు చదివేవాళ్లకు మాత్రం రంగు అక్షరాల అంచులు మసకగా కనిపిస్తాయి. ఇక ఫ్రేములు 120 అయ్యాయంటే లెక్క 30 గిగాబిట్లకు చేరుతుంది. దాన్ని 2.0 మోయలేదు.

కానీ మన ఇళ్లలో ఈ బరువు ఎక్కణ్ణుంచి వస్తోంది? నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో, జియోహాట్‌స్టార్, ఆహా, యూట్యూబ్ ఏదైనా టీవీలోని యాప్‌లోనే చూస్తే, ఆ బొమ్మ హెచ్‌డీఎంఐ పోర్టు గుమ్మం కూడా తొక్కదు. వైఫై నుంచి టీవీ లోపలి చిప్‌కు వెళ్తుంది, అక్కడే విప్పుకుంటుంది, అక్కణ్ణుంచి తెర మీదికి వస్తుంది. 4కె సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్. పైన ప్రాజెక్టులో ఉన్న నీళ్లు అన్నే అయినప్పుడు పొలం పక్క కాలువను ఎంత వెడల్పు చేసినా పంట మారదు.

యాప్‌లో కాకుండా సెట్‌టాప్ బాక్సులోనో, స్టిక్‌లోనో చూస్తే బొమ్మ పోర్టు గుండానే వస్తుంది, నిజమే. కానీ అవి పంపేది మహా అయితే 4కె, 60 ఫ్రేములు. మన దేశంలో క్రికెట్ ప్రసారం 50 ఫ్రేముల్లో వస్తుంది. సినిమా అయితే 24 ఫ్రేములే కాబట్టి పై లెక్కలో ఆరు గిగాబిట్లకు కూడా కాస్త తక్కువే. మెరుపుల్నీ చీకట్లనీ లోతుగా చూపే హెచ్‌డీఆర్ కావాలంటే 2.1 ఉండాలన్న మాట షోరూముల్లో వినబడుతుంది. అది తప్పు. హెచ్‌డీఆర్10 సదుపాయం 2015లోనే 2.0ఎ రూపంలో పాత పోర్టుకు వచ్చింది. డాల్బీ విజన్ కూడా పాత పోర్టు మీద చక్కగా నడుస్తుంది.

శబ్దం సంగతి కూడా అంతే. సౌండ్‌బార్‌కు టీవీ నుంచి శబ్దం పంపే దారి పాతదైతే ఏఆర్‌సీ, కొత్తదైతే ఈఏఆర్‌సీ. కొత్తది 2.1తో పాటు పుట్టినా, చాలా కంపెనీలు దాన్ని 2.0 టీవీల్లోనూ పెట్టాయి. ఓటీటీలో వచ్చే డాల్బీ అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది, దాన్ని పాత ఏఆర్‌సీయే మోయగలదు. ఈఏఆర్‌సీ అవసరం పడేది బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ వంటి భారీ శబ్దానికి. ఆ డిస్కులు కొనేవాళ్లు ఎలాగూ ఇవన్నీ చూసుకునే కొంటారు.

ఇక గేములు. ఇక్కడ తూకం నిజంగా కొత్తవైపు మొగ్గుతుంది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కెలో 120 ఫ్రేములు పంపగలవు. 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది, 120 దగ్గర 8.3. బటన్ నొక్కిన వేలికీ తెర మీది కదలికకూ మధ్య దూరం తగ్గుతుంది. పరుగు పందేల గేముల్లో, తుపాకీ గేముల్లో ఈ తేడా చేతికి తెలిసిపోతుంది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది వీఆర్‌ఆర్. సినిమా ఫ్రేముల్లా గేము ఫ్రేములు ముందే సిద్ధంగా ఉండవు, ఆడుతున్నప్పుడే తయారవుతాయి. దృశ్యంలో పొగ, జనం, పేలుడు ఎక్కువైతే 60 కాస్తా 52 అవుతుంది. టీవీ మాత్రం తన లయ మార్చుకోదు. అప్పుడు బొమ్మ అడ్డంగా చీలుతుంది, లేదా తడబడుతుంది. వీఆర్‌ఆర్ ఉంటే కన్సోల్ ఫ్రేము పంపినప్పుడే టీవీ తెర మారుస్తుంది. ప్లేస్టేషన్ 5కు ఈ సదుపాయం 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకసారి దానితో ఆడినవాళ్లు వెనక్కి వెళ్లడానికి ఇష్టపడరు.

దీనికీ హద్దులున్నాయి. 120 ఫ్రేముల కోసం చాలా గేములు బొమ్మ నాణ్యతను తగ్గించుకుంటాయి కాబట్టి, కథ కోసం ఆడేవాళ్లు 30 లేదా 60 దగ్గరే ఉండిపోతారు. ప్లేస్టేషన్ 5 పంపేది గరిష్ఠంగా 32 గిగాబిట్లే. కాబట్టి పోర్టు 40దా 48దా అన్న వాదన దాని విషయంలో అనవసరం. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 అయితే 4కెలో 60 ఫ్రేముల దగ్గరే ఆగుతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది మరొకటి. 2021 డిసెంబరులో టీఎఫ్‌టీసెంట్రల్ అనే సమీక్షా సంస్థ ఒక వాస్తవాన్ని బయటపెట్టింది. హెచ్‌డీఎంఐ లైసెన్సులు ఇచ్చే సంస్థ లెక్కలో 2.0 అనేది ఇక లేదు, అది 2.1లో కలిసిపోయింది. 48 గిగాబిట్లు, 120 ఫ్రేములు, వీఆర్‌ఆర్ అన్నీ ఐచ్ఛికాలే. వేటిని ఇస్తున్నారో కంపెనీ చెబితే చాలు. అంటే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) ప్యానెల్, 18 గిగాబిట్ల పోర్టు ఉన్న టీవీ మీద కూడా 2.1 అని రాసుకోవచ్చు, అది నిబంధనలకు లోబడినదే. మొదట్లో చెప్పిన ఆ రెండు టీవీలు లోపల ఒకేలా ఉండే అవకాశం ఉందన్నమాట. రెండు వస్తువులను పోల్చి చూసుకోవడానికే ప్రమాణం పుట్టింది. ఆ పోలికనే చెరిపేసే అనుమతిని ప్రమాణం కాపలాదారులే ఇవ్వడం కొనేవాడికి చేసిన అన్యాయం.

అందుకే అంకెను పక్కనపెట్టి అడగాల్సినవి అడగాలి. ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు 120 హెర్ట్జా, లేక సాఫ్ట్‌వేర్ మాయతో చెప్పిన 120యా? 4కె 120 ఏ పోర్టుల్లో వస్తుంది? ఎల్‌జీ సి సిరీస్ ఓఎల్‌ఈడీల్లో నాలుగు పోర్టులూ ఆ స్థాయివే. సోనీ టీవీలు అనేకం నాలుగింటిలో రెండిటికే ఆ బలం ఇచ్చాయి, వాటిలో ఒకటి సౌండ్‌బార్‌కు పోయే ఈఏఆర్‌సీ పోర్టు. రెండు కన్సోళ్లు, ఒక సౌండ్‌బార్ ఉన్న ఇంట్లో ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బంది. పైగా కొన్ని టీవీల్లో పోర్టు పూర్తి బలం సెట్టింగుల్లో మనం తెరిస్తేనే తెరుచుకుంటుంది.

ఇప్పుడు పోర్టు కన్నా బొమ్మను ఎక్కువగా మార్చే తెర వెనక వెలుగు సంగతి. ఒకే ధరలో ఒకవైపు 300 నిట్స్ వెలుగుతో, 2.1 పోర్టుతో ఒక టీవీ, మరోవైపు 1000 నిట్స్ వెలుగు, చీకటి చోట్ల దీపాలను విడివిడిగా ఆర్పే లోకల్ డిమ్మింగ్, 2.0 పోర్టులతో ఇంకో టీవీ ఉంటే, కన్సోల్ లేని ఇంటికి నేను కళ్లు మూసుకుని రెండోదాన్నే చెబుతాను. హెచ్‌డీఆర్ సినిమాలను స్టూడియోల్లో సాధారణంగా 1000 నిట్స్ లెక్కన దిద్దుతారు. 300 నిట్స్ తెర మీద ఆ మెరుపు సగంలోనే చచ్చిపోతుంది. రాత్రి పోరాట దృశ్యంలో నలుపు బూడిద రంగులోకి తేలిపోకుండా ఆపేది ఈ డిమ్మింగే. పోర్టు ఏ రకమైనా ఈ పని చేయలేదు.

2.2 వచ్చేసింది కదా, ఆగుదామా అని అడిగేవాళ్లున్నారు. 2025 జనవరిలో ప్రకటించి జూన్‌లో విడుదల చేశారు. 96 గిగాబిట్లు దాని బలం, శబ్దాన్నీ బొమ్మనూ కలిపి నడిపే కొత్త ఏర్పాటు కూడా ఉంది. 2.1 ప్రమాణం వచ్చాక దాన్ని వాడుకునే కన్సోళ్లు రావడానికి మూడేళ్లు పట్టింది. 8కె తెలుగు సినిమా ఏ ఓటీటీలోనూ లేని ఈ రోజుల్లో 96 గిగాబిట్ల కోసం పండగ కొనుగోలు వాయిదా వేయడంలో నాకు అర్థం కనిపించదు.

కన్సోల్ కోసం 120 హెర్ట్జ్ టీవీయే కొన్నవాళ్లు కేబుల్ దగ్గర జాగ్రత్తపడాలి. 48 గిగాబిట్లకు పరీక్షించిన కేబుల్‌కు ‘అల్ట్రా హై స్పీడ్’ అన్న పేరు, ప్యాకెట్ మీద స్కాన్ చేసి చూసుకునే క్యూఆర్ లేబులు ఉంటాయి. ‘2.1 కేబుల్’ అని మాత్రమే రాసి ఆ లేబులు లేనిదాన్ని తీసుకోవద్దు. కన్సోల్‌తో పాటు పెట్టెలో వచ్చినది ఉంటే వేరే కొననే అక్కర్లేదు.