వేళ్ళతో వినే విద్య

మోకాలు పట్టేసిందని వచ్చిన మనిషిని ఆస్టియోపాత్, అంటే కీళ్ళకు, కండరాలకు చేతులతోనే చికిత్స చేసేవారు, ముందుగా నాలుగడుగులు నడవమంటారు. బరువు ఏ కాలి మీద మోపుతున్నారు, పాదం ఎటు ఒరుగుతోంది, అన్నీ గమనిస్తారు. ఆ తర్వాతే బల్ల మీద పడుకోబెట్టి, ఒక అరచెయ్యి మోకాలి కింద పెట్టి, రెండో చేత్తో మడమ పట్టుకుని కాలిని మెల్లగా మడిచి చాపుతారు. నొప్పి మోకాలిదే అయినా మూలం తుంటిలోనో చీలమండలోనో ఉందేమోనని వెతికే ఆ ఓపికంటే నాకెంతో గౌరవం.

ఆస్టియోపతీ అనే ఈ విద్యకు ఆద్యుడు అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1874లో తన ఆలోచనకు రూపమిచ్చి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో తొలి కళాశాల పెట్టారు. బ్రిటన్‌లో 1993లో దీనికి ప్రత్యేక చట్టమే వచ్చింది.

మోకాలు నొప్పెడితే ‘గుజ్జు అరిగిపోయింది’ అంటుంటారు మనవాళ్ళు. కీళ్ళలోని ఆ మృదులాస్థికి రక్తనాళాలుండవు. కీలు కదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం లోపలికి ఇంకి పోషణ అందిస్తుంది. కదలకుండా కూర్చోవడమంటే కీలును పస్తు పెట్టడమే. అరిగిన గుజ్జును ఏ చెయ్యీ తిరిగి మొలిపించలేదు. మంచి ఆస్టియోపాత్ ఆ మాట దాచరు. బిగిసిన కండరాన్ని సడలించి, కదలాలంటే ఉన్న భయం పోగొట్టి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, రోజూ నడవడం అలవాటు చేస్తారు. కీలు ఎర్రగా వాచి జ్వరం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి పంపిస్తారు.

గోడ పట్టుకుని వచ్చినవారు చేతులు ఊపుకుంటూ గుమ్మం దాటితే, అదే ఆ పనికి దక్కే సన్మానం.