చదివినదే మరల చదువవలెనా?

ఒక విద్యార్థి నాలుగు సంవత్సరములు మెకానికల్ ఇంజనీరింగు చదివి బి.టెక్. పట్టము పొందెననుకొందము. చివరి సంవత్సరమున అతడు ఐచ్ఛిక పాఠముగా ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని ఎన్నుకొని శ్రద్ధగా నేర్చుకొనెను. తరువాత ఎం.టెక్. తరగతిలో చేరెను. మొదటి సెమిస్టరు పట్టికలో అదే పాఠము, దాదాపు అవే అధ్యాయములు, ఒక్కొక్కచోట అదే పాఠ్యపుస్తకము. "దీనిని చదివియున్నాను, దీనికి బదులు మరియొకటి చదువవచ్చునా?" అని అడిగినచో "నియమము ఒప్పుకొనదు" అను సమాధానమే తరచుగా వచ్చును. అతడు సెమిస్టరు పొడవున తెలిసిన సంగతినే మరల వినవలెను. అమెరికా వంటి దేశమున చేరినచో పెక్కుచోట్ల క్రెడిట్ల లెక్కన రుసుము చెల్లింపవలసియుండును గనుక, ఆ పునశ్చరణకైన ఖర్చు తండ్రి చేసిన అప్పులో చేరును.

రెండవ విద్యార్థి సంగతి ఇందుకు విరుద్ధము. అతడును అదే పేరు గల పాఠమును చదివెను. అధికారులు పేరును, గంటల సంఖ్యను చూచి, సరిపోయినదని తలచి, ఆ పాఠమునుండి మినహాయింపు నిచ్చిరి. కాని అతడు నేర్చినది ఒక సాఫ్ట్‌వేరును నడుపుట మాత్రమే. దాని వెనుకనున్న సమీకరణములను కూర్చుట కాదు. తరువాతి సెమిస్టరులో పై పాఠము మొదలైన కొలది వారములకే అతనికి ఏమియు అందకుండపోయెను.

మొదటివాడు కాలము పోగొట్టుకొనెను. రెండవవాడు పునాది లేకయే పైకెక్కెను. రెండు పొరపాట్లకు మూలమొక్కటే. "నీకేమి తెలియును?" అని వారిలో ఒక్కరినైనను ఎవరును అడుగలేదు. పూర్వవిద్యకు క్రెడిట్టు నిచ్చు నేటి పద్ధతులలోని ప్రధాన లోపమిదియే.

క్రెడిట్టు అనగానేమి?

క్రెడిట్టు అనునది చదువును కొలుచుటకు ఏర్పరచుకొన్న ప్రమాణము. మన ఇంజనీరింగు కళాశాలలలో ఒక సెమిస్టరు పొడవున వారమునకు ఒక గంట ఉపన్యాసము విన్నచో ఒక క్రెడిట్టు. ప్రయోగశాలలో వారమునకు రెండు గంటలు పనిచేసినచో ఒక క్రెడిట్టు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళికలో ఎం.టెక్. పట్టమునకు 68 క్రెడిట్లు నిర్ణయింపబడినవి. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానము ప్రకారము 30 గంటల శ్రమ ఒక క్రెడిట్టు. సంవత్సరమునకు 40 క్రెడిట్లు, అనగా 1,200 గంటలు. ఐరోపా దేశములలో సంవత్సరమునకు 60 క్రెడిట్లు. ఒక్కొక్కటి 25 నుండి 30 గంటల శ్రమకు సమానము. అమెరికాలో మాస్టర్సు పట్టము మొత్తమునకు సాధారణముగా 30 క్రెడిట్లు చాలును.

ఈ సంఖ్యలను ఒక పద్ధతినుండి మరియొక పద్ధతికి మార్చుట కష్టము కాదు. మన సంవత్సరపు 40 క్రెడిట్లు ఐరోపావారి 60కి సమానమనుకొన్నచో, ఒకటిన్నరతో హెచ్చించిన చాలును. ఇది అడుగులను మీటర్లుగా మార్చు లెక్కవంటిదే. కాని ఒక భేదము కలదు. మీటరు బట్ట పొడవునే కొలుచును. క్రెడిట్టు విద్యను కొలువదు. విద్యకొరకు గడపిన కాలమును కొలుచును.

ఇట్లగుటకు చారిత్రక కారణమున్నది. 1906 ప్రాంతమున అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ కళాశాలల ఆచార్యులకు పింఛను నిచ్చు పథకమును చేపట్టెను. ఏ సంస్థను కళాశాలగా పరిగణింపవలెనో తేల్చుటకు ఒక కొలత కావలసివచ్చెను. ఉన్నత పాఠశాలలో ఒక విషయమును సంవత్సరములో సుమారు 120 గంటలు చదివినచో ఒక 'యూనిట్' అనియు, అట్టివి 14 ఉన్నవారిని చేర్చుకొను సంస్థ కళాశాల అనియు నిర్ణయించిరి. 1910లో మారిస్ కుక్ అను ఇంజనీరు ఆ ఫౌండేషన్ కొరకు వ్రాసిన నివేదికలో, కర్మాగారపు పనిని లెక్కించునట్లు కళాశాల పనిని లెక్కించుటకు 'విద్యార్థి-గంట' అను ప్రమాణమును సూచించెను. ఈ విధముగా పింఛనుకొరకు, జమాఖర్చుల కొరకు పుట్టిన కొలత క్రమముగా జ్ఞానమునకు కొలబద్దగా చెలామణి అయినది. ఆ యూనిట్ విద్యార్థి నేర్చినదానిని కొలుచుటకు ఉద్దేశింపబడినది కాదని 2015లో ఆ ఫౌండేషన్ ప్రచురించిన నివేదికయే పేర్కొన్నది.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఇల్లాలు గడియారము చూడదు. ఒక మెతుకు పట్టి చూచును.

మెతుకు పట్టి చూచుట

ఆ పని ఇంజనీరింగులో సాధ్యమేనా? పైన చెప్పిన పాఠమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో ఒక వంతెననో, యంత్రభాగమునో అనేకమైన చిన్న ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్క సాగుటకు ఒక్కొక్క సమీకరణము వ్రాసి, అన్నిటిని ఒకటిగా కూర్చి సాధింతురు. మిక్కిలి సరళమైన ముక్క స్ప్రింగు. రెండు స్ప్రింగులను వరుసగా కలిపి, మొదటి కొసను గోడకు బిగించి, చివరి కొసను 100 న్యూటన్ల బలముతో లాగితిమనుకొందము. మొదటి స్ప్రింగు దృఢత్వము మీటరునకు 1,000 న్యూటన్లు. రెండవదానిది 2,000 న్యూటన్లు. రెండింటిలోను బలమొక్కటే గనుక మొదటిది 10 సెంటీమీటర్లు, రెండవది 5 సెంటీమీటర్లు సాగును. చివరి కొస 15 సెంటీమీటర్లు కదలును. హుక్ నియమము తెలిసిన ఇంటర్మీడియెట్ విద్యార్థి దీనిని నోటిలెక్కగా చెప్పగలడు. సాఫ్ట్‌వేరు కూడ ఇదే చెప్పును.

అడుగవలసిన ప్రశ్న మరియొకటి. "ఈ మూడు బిందువులకు మూడు సమీకరణములు వ్రాసి మాత్రికగా కూర్చుము. గోడ నిబంధనను చేర్చకముందు ఆ మాత్రిక నిర్ధారకము సున్న అగును. ఎందువలన?" పాఠమును నిజముగా నేర్చినవాడు ఇట్లు చెప్పును: గోడ లేనిచో రెండు స్ప్రింగులును ఏమాత్రము సాగకుండగనే కలిసి ప్రక్కకు జరుగగలవు, ఎంత జరిగినను సమీకరణములకు ఒక్కటే, కావున స్థానము ఇంత అని తేల్చు ఏకైక సమాధానము లేదు. మీట నొక్కుట మాత్రమే నేర్చినవాడు ఈ మాట చెప్పలేడు. అరగంటలో, ఒక తెల్లకాగితముమీద, ఆ ఇద్దరు విద్యార్థులకు గల భేదము తేలిపోవును. పాఠము పేరు, గంటల లెక్క, కళాశాలకు గల కీర్తి, వీనిలో ఏదియు ఈ పని చేయజాలదు.

బ్యాంకు పోలికలోని చిక్కు

మన దేశమున 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' అను ఏర్పాటునకు నియమములు చేసెను. విద్యార్థి వేర్వేరు సంస్థలలో సంపాదించిన క్రెడిట్లు అతని ఖాతాలో జమయగును. తగినన్ని కూడినప్పుడు పట్టమునకు వాడుకొనవచ్చును. పట్టమునిచ్చు సంస్థలో కనీసము సగము క్రెడిట్లు సంపాదింపవలెను. చదువు నడుమ ఆగిపోయినవారికి, ఊరు మారినవారికి ఇది నిజముగా మేలు చేయు ఏర్పాటు. ఆ మేలును తక్కువచేసి చెప్పరాదు.

కాని బ్యాంకు అను పోలిక రెండుచోట్ల తప్పుదారి పట్టించుచున్నది. మొదటిది: ఒక పట్టమునకు వాడిన క్రెడిట్టు ఖాతానుండి తీసివేయబడును, బి.టెక్.లో ఖర్చైనది ఎం.టెక్.లో చెల్లదు. రూపాయి ఖర్చైనచో పోవును. విద్య వాడినకొలది పెరుగునేగాని తరుగదు. ఒకే పాఠమును పలు పట్టములకు లెక్కవేసినచో పట్టములకు విలువ ఉండదను భయము న్యాయమైనదే. అయితే ఆ భయమునకు మందు అదే పాఠమును మరల వినిపించుట కాదు. దాని స్థానమున అంతకంటె పై పాఠమును చదివించుట.

రెండవది గడువు. బ్యాంకులోని క్రెడిట్లు సాధారణముగా గరిష్ఠముగా ఏడు సంవత్సరములే చెల్లును. వేడి ఒక ఘనపదార్థములో ఎట్లు ప్రసరించునో తెలుపు ఫోరియర్ గ్రంథము 1822లో వెలువడినది. ఉష్ణప్రసారమును గూర్చిన పాఠములు రెండువందల సంవత్సరముల తరువాతకూడ ఆ సూత్రముతోనే మొదలగుచున్నవి. ఒక సాఫ్ట్‌వేరు యొక్క వాడుక క్రమము మూడు నాలుగేండ్లలోనే పాతబడవచ్చును. ఈ రెండింటికిని ఒకే గడువు పెట్టుట, బియ్యమునకు పాలకు ఒకే గడువు పెట్టుట వంటిది. ఏడేండ్లు ఉద్యోగము చేసి తిరిగివచ్చిన ఇంజనీరు కొన్ని సంగతులు మరచియుండవచ్చును; కొన్ని మునుపటికంటె బాగుగా ఎరిగియుండవచ్చును. ఏది మరచెనో, ఏది ఎరుగునో చెప్పవలసినది పంచాంగము కాదు, పరీక్ష.

గోడకు లోపల, గోడకు వెలుపల

అమెరికాలో పెక్కు విశ్వవిద్యాలయములు బయటినుండి 6 లేక 9 క్రెడిట్లకు మించి మాస్టర్సు పట్టమునకు స్వీకరింపవు. వానిలో 'బి' శ్రేణికి తగ్గరాదు. అవి మరియొక పట్టమునకు వాడినవై యుండరాదు. అయితే పెక్కుచోట్ల తమ సొంత విద్యార్థులకు అయిదేండ్లలో రెండు పట్టములనిచ్చు పథకములును ఉన్నవి. వానిలో కొన్ని పాఠములను రెండు పట్టములకును లెక్కించుట పరిపాటి. గోడ లోపల రెండుమార్లు చెల్లు పాఠము, గోడ వెలుపలినుండి వచ్చినచో ఒక్కమారైనను చెల్లదు! దీనిని బట్టి అసలు అడ్డంకి లెక్కలో లేదనియు, నమ్మకములో ఉన్నదనియు తేలుచున్నది.

ఆ నమ్మకమును కలిగించుటకై 1989లో ఆరు దేశముల ఇంజనీరింగు సంస్థలు వాషింగ్టన్ ఒడంబడిక చేసికొన్నవి. 2014లో మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ అందులో పూర్తి సభ్యత్వము పొందెను. ఆ బోర్డు మొదటి శ్రేణి పద్ధతిలో గుర్తించిన బి.టెక్. చదువును తక్కిన సభ్యదేశముల సంస్థలు తమ చదువుతో సమానముగా గుర్తించును. ఇది గొప్ప ముందడుగే. కాని తెలుగు జిల్లాలలోని అనుబంధ కళాశాలలలో చదివినవారిలో అనేకులు ఈ శ్రేణిలోనికి రారు. వచ్చినవారికైనను ఈ ఒడంబడిక ఎం.టెక్.లో ఏ పాఠము విడువవచ్చునో చెప్పదు. అది వీధి తలుపు తెరచును. లోపలి గదుల సంగతి దానికి పట్టదు.

మనకు తెలిసిన ఉదాహరణము

పూర్వవిద్యకు విలువనిచ్చు ఏర్పాటు మనకు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పాలిటెక్నిక్ డిప్లొమా ముగించినవారు ఈసెట్ పరీక్ష వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరములో నేరుగా చేరుచున్నారు. ఒక సంవత్సరము ఖర్చు, కాలము కలిసివచ్చును. పేదకుటుంబములకు ఇది సామాన్యమైన సాయము కాదు. ఇక్కడ గంటలు లెక్కించి ఊరకుండక పరీక్ష పెట్టుచున్నారు, అది మెచ్చదగినది. అయితే ఈ పరీక్ష సీట్లు పంచుటకు ర్యాంకు నిచ్చునదే. 200 మార్కులలో గణితమునకు 50, ఇంజనీరింగు విషయమునకు 100. ఇంజనీరింగులో ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవాడు గణితములో వెనుకబడియున్నను మంచి ర్యాంకు పొందవచ్చును. విడిచిన మొదటి సంవత్సరపు పాఠములలో గణితము ముఖ్యమైనది! మొత్తము మార్కు ఒక్కటే చూచినచో ఏ మెతుకు ఉడుకలేదో తెలియదు. కావున పరీక్ష ఉండుట మాత్రమే చాలదు. అది విడువబోవు పాఠమునకే సంబంధించినదై యుండవలెను.

చేయదగిన పనులు

మొదట రెండు సంగతులను వేరుచేయవలెను. పాఠము తెలిసినవానికి దానిని మరల వినకుండ మినహాయింపు నిచ్చుట ఒకటి. పట్టమునకు కావలసిన క్రెడిట్ల సంఖ్యనే తగ్గించుట వేరొకటి. మొదటిదానికి అభ్యంతరమేమియు ఉండరాదు. విద్యార్థి ఆ స్థానమున పై పాఠము చదువును, పట్టము విలువ పెరుగునే గాని తగ్గదు. రెండవదానిని జాగ్రత్తతో, పరిమితముగా ఇయ్యవలెను. 2018 నమూనా ప్రణాళికలో ఎం.టెక్. సిద్ధాంతవ్యాసమునకు కేటాయించిన భాగమును మాత్రము ఎన్నడును విడువనీయరాదు. ఒక సమస్యను తానై పట్టుకొని కొనవరకు సాధించుట పూర్వము ఎక్కడ చదివినను తీరునది కాదు.

నిరాకరణకు కారణము చెప్పు బాధ్యత ఎవరిదను ప్రశ్న రెండవది. ఐరోపా దేశములు 1997లో లిస్బన్‌లో చేసికొన్న ఒప్పందము ప్రకారము, రెండు చదువులకు నడుమ గణనీయమైన భేదమున్నదని చూపవలసిన భారము నిరాకరించు సంస్థదే. మన కళాశాలలును "నియమము ఒప్పుకొనదు" అని ఊరకుండక, ఏ అధ్యాయము లోపించినదో వ్రాసి చెప్పవలెను. అట్లు వ్రాసిన ఒక్క వాక్యము నిరాకరింపబడిన విద్యార్థికికూడ మేలు చేయును. తనకేమి రాదో అతనికి తెలియును.

ఇందుకు అధ్యాపకుల శ్రమ పెరుగునని కొందరనవచ్చును. పెరుగును. కాని తెలిసినవానికి సెమిస్టరు పొడవున చెప్పుటకంటె అరగంట పరీక్షించుట తక్కువ శ్రమ.

విద్యార్థులు ఇప్పటినుండి చేయవలసిన పని కూడ ఒకటి కలదు. చదివిన పాఠముల ప్రణాళికలను, ప్రయోగశాల పుస్తకములను, సాధించిన లెక్కలను పారవేయక భద్రపరచుకొనవలెను. మార్కుల పత్రము ఎన్ని మార్కులు వచ్చినవో మాత్రమే చెప్పును. ఏమి నేర్చినది ఈ కాగితములు చెప్పును. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు కొత్త తరగతి మొదటిరోజున పిల్లలను నాలుగు ప్రశ్నలడిగి, ఎక్కడనుండి చెప్పవలెనో నిర్ణయించుకొందురు. పెద్ద విశ్వవిద్యాలయములు నేర్చుకొనవలసినది ఆ చిన్న అలవాటునే.