పైకుండకు పట్టిన కర్పూరం

రసకర్పూరం కర్పూరం కాదు. తెల్లగా ఉంటుందనీ, వేడికి ఎగిరి చల్లని చోట అంటుకుంటుందనీ ఆ పేరు పెట్టారు. పాదరసానికి ఉప్పులోని క్లోరిన్ తోడైతే పుట్టే పదార్థమిది. ఆ తోడు రెండు రకాలు. పాదరసపు పరమాణువుకు ఒక్కో క్లోరిన్ దక్కితే డాక్టర్లు కాలమెల్ అన్న మెర్క్యురస్ క్లోరైడ్. రెండేసి దక్కితే నాటువైద్యులు సవ్వీరమన్న మెర్క్యురిక్ క్లోరైడ్. చూపుకు రెండూ తెలుపే. కాలమెల్ నీళ్లలో దాదాపు కరగదు, మింగితే చాలావరకు విరేచనంతో పోతుంది. సవ్వీరం 100 మిల్లీలీటర్ల నీళ్లలో 7 గ్రాముల దాకా కరుగుతుంది. ఒకటి రెండు గ్రాములు కడుపులో పడితే మూత్రపిండాలు పాడై మనిషి దక్కడు. బజారులో రెంటికీ రసకర్పూరమనే పేరు తగిలించడం నాటువైద్య సంప్రదాయానికి పట్టిన పెద్ద పీడ.

గుంటూరు, ప్రకాశం వాళ్లకు పాదరసంతో బంగారం చేయాలనే రసవాదం పరాయి ఊరి ముచ్చట కాదు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ, ఎగువన శ్రీశైలం, దానికి తూర్పు ద్వారమనే త్రిపురాంతకం. బౌద్ధాచార్యుడు నాగార్జునుణ్నీ రససిద్ధుడు నాగార్జునుణ్నీ జనం ఒక్కరినే చేశారు గాని, చరిత్రకారులు ఇద్దరి మధ్య శతాబ్దాల దూరం చూపిస్తారు. నిత్యనాథ సిద్ధుడైతే తన రసరత్నాకరం గ్రంథంలో శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, మీది సాధనలకు ఒక భాగమే కేటాయించాడు. ఆ కొండల్లో బంగారం ఎంత పండిందో దేవుడికెరుక. రసవాదుల చేతిపని మాత్రం వైద్యుల చేతికి దక్కింది.

ఆ పనితనం రసకర్పూరం తయారీలో బాగా తెలుస్తుంది. 16వ శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో చెప్పిన పద్ధతి ఇది. శుద్ధి చేసిన పాదరసంలో కావిరాయి, ఇటుకపొడి, సుద్ద, పటిక, సైంధవ లవణం, పుట్టమన్ను వంటివి చేర్చి కల్వంలో నూరాలి. మెరిసే చుక్క ఒక్కటీ కనబడకూడదు. ఆ పొడిని కుండలో పోసి, మీద మరో కుండ బోర్లించి, మూతులు కలిసినచోట మట్టి పట్టించిన గుడ్డ చుట్టి ఆరబెట్టాలి. ఆరాక మళ్లీ చుట్టాలి. ఇదే చీలమన్ను. రెండు కుండలూ కలిసి డమరుకంలా కనబడతాయి గనక అది డమరుక యంత్రం. నాలుగు రోజులు మంట ఆరకూడదు. చల్లారాక పైకుండ లోపల పట్టిన తెల్లని పలుకులే రసకర్పూరం.

కుండలో ఏం జరుగుతుందో ఈనాటి మాటల్లో చెప్పొచ్చు. పటిక వేడికి విరిగి ఆమ్లగుణం చూపుతుంది, ఉప్పులోంచి హైడ్రోజన్ క్లోరైడ్‌ను బయటికి తోలుతుంది. అది లోపలి గాలి సాయంతో పాదరసాన్ని పట్టుకుంటుంది. ఇటుకపొడి, పుట్టమన్ను సరుకు ముద్దకట్టకుండా ఆవిరికి దారినిస్తాయి. కిటుకంతా పాదరసం పాలులో ఉంది. అది మిగిలేటట్టు వేస్తే, మధ్యలో పుట్టిన సవ్వీరాన్ని కూడా కలుపుకుని కాలమెల్‌గా మార్చేస్తుంది. పాదరసం చాలక క్లోరిన్‌ది పైచేయి అయితే పైకుండకు విషం పడుతుంది. చీలమన్ను పగిలిందా, ఆవిరి వైద్యుడి ఊపిరితిత్తుల్లోకే. ఇది చదివి ఎవరూ కుండలు కొనకండి.

ఏది ఏదో తేల్చుకోవడానికి సున్నపుతేట చాలు. కాలమెల్ మీద పోస్తే నల్లబడుతుంది, సవ్వీరపు నీళ్లలో పోస్తే పసుపుపచ్చ మడ్డి దిగుతుంది. పాత ఇంగ్లీషు డాక్టర్లు ఈ రెంటినీ నల్ల లోషన్, పచ్చ లోషన్ అని పుండ్లు కడగడానికి వాడారు కూడా.

మందుగా రసకర్పూరాన్ని ఎక్కువగా వాడింది ఫిరంగి రోగానికి, అంటే సవాయికి. గోధుమపిండి ముద్ద మధ్యలో పెట్టి, లవంగాల పొడి అద్ది, పళ్లకు తగలకుండా మింగించేవారు. పైన తాంబూలం. పులుపు, ఉప్పు, ఎండ మానాలి. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఆ ఉప్పు పథ్యం. ఉప్పు బాగా కలిసిన నీళ్లలో కాలమెల్ కొంత విడిపోయి కరిగే రూపంలోకి వస్తుందని రసాయన శాస్త్రం చెబుతుంది. వాళ్లకు కారణం తెలుసనను, నోరు పూసిన రోగులను చూసి నేర్చుకుని ఉంటారు. ఈ మందును ఇప్పుడు వెనకేసుకురావలసిన పని లేదు. పెన్సిలిన్ వచ్చాక ఆ ముచ్చట తీరింది. అలాగని మనవాళ్లను మాత్రమే తప్పుపట్టలేం. ఇంగ్లండులో పళ్లొచ్చే పసిబిడ్డలకు 1950ల దాకా కాలమెల్ పొడి నాకించారు, చేతులు కాళ్లు ఎర్రబడి ఎందరో పిల్లలు బాధపడ్డారు.

పాదరసం, క్లోరిన్ జంటకు ఒక కర్బనపు తోక తగిలించిన సరుకు మన చేలకూ వచ్చింది. సెరిసాన్, అగ్రోసాన్ డబ్బాల్లోని ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్, ఎమిసాన్‌లోని మిథాక్సీ ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్ ఆ జాతివే. పత్తికి నల్లమచ్చ తెగులు, మిరపనారుకు కుళ్లు రాకుండా విత్తనానికి ఇలాంటి పొడులు పట్టించేవారు. శిలీంద్రాన్ని చంపే ఆ గుణమే తిన్నవాణ్నీ చంపుతుంది. 1971-72లో ఇరాక్‌లో విత్తనాల కోసం మిథైల్ పాదరసం పట్టించి ఇచ్చిన గోధుమలను రొట్టెలు చేసుకు తిని, ప్రభుత్వ లెక్క ప్రకారమే 459 మంది పోయారు. మన దేశంలో ఇథైల్ రకాన్ని 2001లో, ఎమిసాన్ రకాన్ని 2018లో నిషేధించారు. ఇప్పుడు మిరప విత్తనానికి థైరమో, మాంకోజెబో పట్టిస్తున్నారు.

కాలమెల్ మాత్రం ప్రయోగశాలలో చాలాకాలం నిలిచింది. నల్లరేగడి మట్టి నీళ్లలో కలిపి పీహెచ్ చూసే పాత మీటర్లలో ఒక గాజుగొట్టం ఉండేది. లోపల పాదరసం, దాన్ని తాకుతూ కాలమెల్ ముద్ద, చుట్టూ పొటాషియం క్లోరైడ్ ద్రావణం. కాలమెల్ కరగదు గనకే ఆ గొట్టపు వోల్టేజి కదలదు. 25 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో పోలిస్తే 0.241 వోల్టుల దగ్గర స్థిరంగా నిలబడుతుంది, మట్టి పులుపునూ చవుడునూ దాన్నిబట్టే కొలిచేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ గొట్టం తీసేసి వెండి క్లోరైడ్ గొట్టం పెట్టారు.