రంగునకు ఋతువు

సికింద్రాబాదులో పాత సైకిలు చట్రమునకు ఇంటనే రంగు పిచికారీ చేయదలచినవారు, రాణిగంజ్ దుకాణములలో ఏ ఛాయ దొరకునని విచారించుటకు ముందే, ఏ మాసము నడచుచున్నదో చూచుకొనవలెనని నా దృఢాభిప్రాయము. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు మన గాలి తేమతో బరువెక్కియుండును. త్వరగా ఆరెడి లాకరు రంగులలోని థిన్నర్ ఆవిరియగుచు ఇనుప గొట్టపు వేడిని హరింపగా, చల్లబడిన ఆ తలముపై తేమ సూక్ష్మబిందువులుగా చేరి, నిగనిగలాడవలసిన నలుపును బూడిద పూసినట్లు వెలవెలబోవజేయును. మే మాసపు టెండలో తుంపరలు గొట్టమును చేరకమునుపే సగమారి, పొడిపొడిగా అంటుకొని, చేతికి గరుకు తగులును. కనుక కార్తికము మొదలు మాఘము వఱకు, మంచు విడిచిన పిమ్మట, గాలి లేవకముందు లభించు పూటయే శ్రేష్ఠము. సాయంకాలము మొదలిడరాదు; రాత్రి మంచు పచ్చిరంగుపై దిగును.

1949లో మద్రాసున స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్ చట్రమొకటి మా యింట నున్నది. అమెరికాలో ఎడ్వర్డ్ సేమూర్ రంగును, దానిని వెలికి నెట్టు వాయువును ఒక్క డబ్బాలో బంధించి మీట నొక్కిన చిమ్మునట్లు చేసినదియు ఆ 1949లోనే యగుట నాకెంతయు ముచ్చట గొలుపును. కాని డబ్బా పని కడపటిది. గొట్టములు కలియు కీళ్ళయందు తుప్పు దాగియుండును. అచ్చట వాటర్ పేపరును తడిపి, ఓపికతో, వ్రేలికొనతో రుద్దవలయును. పాత రంగులలో సీసముండవచ్చును గనుక పొడిగా గీకి ఆ ధూళిని పీల్చుట ప్రమాదకరము. ఇనుము బయటపడిన నాడే, దానిని బాగుగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయవలెను; తడిగాలి తగిలిన ఇనుము మరునాటికే ఎఱ్ఱబారును. పెడళ్ళ యిరుసు బిగించు మరలను టేపుతో మూయనిచో పిదప బిగింపు కష్టమగును. ఆ తరువాత జానెడు ఎడమున డబ్బాను పట్టి, గొట్టము దాటినంతవఱకు చేయి ఆపక, పలుచని పూతలు వేయవలయునే గాని, ఒక్కమారే ముదురు రంగు రావలెనని తొందరపడినచో అది కారిపోవును.

వేయుటకంటె మానుట మేలైన సందర్భమొకటి కలదు. ఆ కాలపు సైకిళ్ళలో అనేకమునకు నల్లని చట్రముపై సన్నని బంగారు గీతలుండెడివి. కుంచె పట్టిన కార్మికుని హస్తనైపుణ్యమున వెలసిన ఆ గీతలను ఏ డబ్బాయు మరల తేలేదు. మీ యింటి చట్రముపై అవి కొంచెమైనను మిగిలియున్నచో, దయచేసి దానికి రంగు వేయవలదు. నూనెగుడ్డతో తుడిచి అట్లే యుంచుడు.