లేసు విలువ అంచులో తేలుతుంది

నర్సాపురం లేసు చేతికొస్తే మన చూపు ముందు నడిమి పువ్వు మీద పడుతుంది. పని తెలిసినవాళ్లు మాత్రం అంచు పట్టుకు చూస్తారు. అదే సరైన చూపని నా నమ్మకం. పువ్వు నమూనా చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. ముడతపడకుండా, సాగిపోకుండా, నాలుగు మూలలా సమంగా కూర్చునే అంచు రావాలంటే చెయ్యి బాగా తిరగాలి.

నర్సాపురం లేసు క్రోషియా పని; అది గొలుసుతో మొదలవుతుంది. కొక్కెం ఉన్న సూదితో ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోతే గొలుసు పెరుగుతుంది. కొత్తవాళ్లు భయంతో దారం బిగించేది ఇక్కడే. పై వరసలన్నీ ఆ గొలుసునే పట్టుకుని నిలబడాలి. అది బిగిస్తే మొదటి అంచు లోపలికి గుంజుకుపోతుంది, మరీ వదులైతే అలలు తేలుతుంది. గొలుసు వరకు ఒక నంబరు పెద్ద సూది వాడి, తర్వాత చిన్నదానికి మారితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అసలు అందం చివరి అంచులో ఉంది. ముందు ముక్క చుట్టూ పొట్టి కుట్లతో ఒక వరస వేసి ఎగుడుదిగుళ్లు సరిచేసుకోవాలి. మూల దగ్గర ఒకే కుట్టులో మూడు కుట్లు వెయ్యాలి, లేకపోతే మూల మడతపడుతుంది. ఆ వరస పూర్తయ్యాక ముక్కను తిప్పకూడదు. కుడిచేతివాళ్లు మామూలుగా కుడినుంచి ఎడమకు అల్లుతారు కదా, ఇప్పుడు వచ్చిన దారినే ఎడమనుంచి కుడికి వెనక్కి నడవాలి. కుడిపక్క కుట్టులో సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్లీ దారం వేసి రెండింటిలోంచీ ఒకేసారి లాగాలి. వెనక్కి నడవడం వల్ల ప్రతి కుట్టూ మెలిక తిరిగి, అంచు పొడవునా పురిపెట్టిన తాడులా ఉబ్బి నిలుస్తుంది. మొదట్లో చెయ్యి మొరాయిస్తుంది, సూది ఎటు పోవాలో తోచదు. తొందరపడకుండా సాగితే లయ దానంతటదే కుదురుతుంది. అంచు ఇంకా దిట్టంగా కావాలంటే అదే దారం రెండు మూడు పోగులు అంచు వెంట పరిచి, వాటిని లోపల కప్పేస్తూ కుట్లు వేస్తారు. లోపలి పోగుల్ని కొద్దిగా లాగి అంచు పొడవు సరిచేసుకునే వీలు కూడా అందులో ఉంది.

ఈ విద్య 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో గోదావరి డెల్టాకు వచ్చింది. నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు, కోనసీమ ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లో స్థిరపడి ఎగుమతి సరుకైంది. పువ్వులల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. ఒక టేబుల్ క్లాత్ పూర్తయ్యేసరికి అది ఎన్నో ఇళ్లు తిరుగుతుంది. దారం ఏజెంటు ఇస్తాడు, కూలి పనిని బట్టి ముడుతుంది. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు పనివాళ్ల మీద 1982లో వెలువరించిన తన పుస్తకంలో చూపించింది ఇదే: ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కగట్టారు. కూలి తక్కువగా ఉండటానికి అది పెద్ద కారణం. వంట, పిల్లలు, పొలం అయ్యాక కళ్లు లాగుతున్నా కూర్చుని చేసే పనిని తీరిక అనడం అన్యాయం.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ యంత్రం మీద దిగే లేసు పక్కనే, తక్కువ ధరకు అమ్ముడవుతూనే ఉంది. ఆ పోటీలో చేతి లేసు నిలవాలంటే కొనేవాళ్లకు తేడా తెలియాలి.

అందుకే ఒక మనవి. ఈసారి నర్సాపురం లేసు కొనేటప్పుడు తిరగేసి చూడండి. వేలితో అంచు తడమండి, మూలలు చూడండి, దారం కొస లోపలికి దాచి కట్టారో లేదో గమనించండి. ఆ పని బాగుంటే ధర దగ్గర గీచిగీచి బేరమాడకండి. వీలైతే అల్లినవాళ్ల దగ్గరే కొనండి.